అన్నయ్యను బల్లలో చేర్చుకున్న క్రిస్మస్

కిర్గిజ్ నేల మీద జర్మన్లు ఎప్పుడో కట్టుకున్న బ్లూమెన్‌హోఫ్‌లో పుట్టిన ఆడపిల్ల ముప్పై దాటినా పెళ్ళి కాకుండా ఉందంటే ఆ పిల్లలో ఏదో వంక ఉండాలని ఎవరూ అనుకోరు. చేసుకోదగ్గ కుర్రాళ్ళంతా ఒకరి వెనక ఒకరు జర్మనీకి వలసపోయారు. ఊళ్ళో మిగిలినవి కొద్ది గడపలు, ఒక ప్రార్థన మందిరం, దాని వెనక సమాధులు. యుస్తీనా అలా మిగిలిన గడపల్లో ఒక దాని మనిషి. అందరూ యుస్తా అనే పిలుస్తారు. తండ్రి చిన్నప్పుడే పోయాడు. బడి సగంలో మాని డెయిరీలో ఆవులు పితకడానికి వెళ్ళింది. నోరు తెరిచి నాకిది కావాలని ఎవర్నీ అడిగినట్టు ఊళ్ళో ఎవరికీ గుర్తులేదు.

ఆ మనిషి కూడా చివరికి జర్మనీ వెళ్ళింది. అయితే కాపురానికి కాదు, సేవకి. అక్కడి మందిరంవాళ్ళు కొందరు పొలాల మధ్య ఒక పెద్ద ఇల్లు తీసుకుని, తాగుడు మానాలని వచ్చే మగవాళ్ళని అందులో ఉంచుకుంటున్నారు. వంటకీ, బట్టలకీ, ఒళ్ళు వణికేవాళ్ళ పక్కన కూచోడానికీ ఒక మనిషి కావాలన్నారు. జీతం ఉండదు. తిండి పెడతారు, మంచం ఇస్తారు. యుస్తా నేను వెళ్తానంది. సొంత అన్న తాగి కాలవగట్టున పడుంటే లేపలేనిది పరాయివాళ్ళ అన్నల్ని లేపడానికి పోతోందని మందిరం మెట్ల మీద ఆడవాళ్ళు అనుకున్నారు. ఆ మాట ఆమె చెవిన పడింది. అది నిజమేనని ఆమెకి తెలుసు.

ఆమె అన్న కొర్నెలియస్. ఇంట్లో కొర్నే. వెల్డింగ్ పనిలో ఆ చుట్టుపక్కల అంతటి చెయ్యి లేదని పేరు. ఆ చేతికే సీసా అలవాటైంది. భార్య ఫ్రీదా కొన్నాళ్ళు ఓర్చుకుంది, కొన్నాళ్ళు ఏడ్చింది, తర్వాత కూతుర్ని తీసుకుని కొండ పక్క ఊళ్ళో ఉన్న పుట్టింటికి వెళ్ళిపోయింది. సంఘం కూడా చెప్పి చూసింది. ఒక ఆదివారం సహోదరులంతా చేతులెత్తి అతన్ని సంఘంలోంచి తీసేశారు. మొదట చెయ్యెత్తింది సంఘపెద్ద టొబియాస్. ఆయన కొర్నేకి సొంత మేనమామ. ఆనాటి నుంచి కొర్నే మందిరంలో తలుపు పక్క బెంచీ మీద కూచుని, సంఘంలో ఉన్నవాళ్ళకే దక్కే ప్రభువు బల్ల మీద గుడ్డ తియ్యగానే లేచి బయటికి వెళ్ళిపోయేవాడు. వెళ్ళిన ప్రతిసారీ తల్లి తలొంచుకునేది.

ఆ ఏడు ఆకులు రాలే రోజుల్లో ఏమైందో, కొర్నే తాగడం మానేశాడు. ఎవరూ మాన్పించలేదు. పొరుగింటి కిర్గిజ్ ఆయన కాలవలోంచి లాగి ఒడ్డున పడేస్తే, లేచి ఇంటికొచ్చి, మూడు రోజులు మంచం మీద చలిజ్వరం వచ్చినవాడిలా వణికి, మళ్ళీ ముట్టుకోలేదు. తల్లి ఫోన్లో ఆ సంగతి చెబుతూ ఏడుపూ నవ్వూ కలిపేసింది.

"ఈ పండక్కి మీ అన్నని మళ్ళీ బల్లలో చేర్చుకుంటున్నారే యుస్తా. క్రిస్మస్ మర్నాడు, రెండో పండగనాడు. ఫ్రీదా కూడా పిల్లని తీసుకుని వస్తానంది. వాడు సంఘంలో చేరితే కాపురానికి వచ్చేస్తానని కబురంపింది. నువ్వు రాకపోతే ఈ సంతోషం నేనొక్కదాన్నే ఎలా మొయ్యనే?"

యుస్తా వచ్చింది. దారంతా విమానంలో కళ్ళు మూసుకుని కూచుంది గాని నిద్ర పోలేదు. పొలం ఇంట్లో తను చూసిన మగవాళ్ళ ముఖాలన్నీ ఒకదాని తర్వాత ఒకటి వచ్చాయి. వాళ్ళలో మానినవాళ్ళ ముఖాలు తక్కువ. తన అన్న ఆ తక్కువలో ఒకడయ్యాడు. దేవుడు తన సేవని అక్కడ తీసుకుని ఇక్కడ తిరిగిచ్చాడని అనుకుంది. పైకి అనకపోయినా లోపల గట్టిగానే నమ్మింది.

రోడ్డు మీద వ్యాన్ దిగేసరికి కొర్నే మంచులో నిలబడి ఉన్నాడు. గడ్డం గీసుకున్నాడు. సన్నబడ్డాడు. సంచి అందుకుంటూ నవ్వాడు.

"చేతులు చూస్తున్నావు కదూ."

"లేదన్నయ్యా."

"చూడవే. చూడ్డానికేగా అంత దూరం నుంచి వచ్చావు." చేతి తొడుగు తీసి అరచెయ్యి చాపాడు. చెయ్యి కదల్లేదు. "సూదిలో దారం ఎక్కించమన్నా ఎక్కిస్తా. అమ్మ రోజూ ఎక్కించమంటోంది, కుట్టేదేం లేకపోయినా."

ఇంట్లో తల్లి మిరియాల బిస్కెట్లు చేస్తోంది. గోలీలంత చిన్నవి. పొయ్యి మీద ఎండుపళ్ళ పులుసు కుతకుతలాడుతోంది. యుస్తా తల్లిని కౌగలించుకుని, కాసేపు కూచుని, లేచి అలమర తెరిచింది. తల్లి గుండెకి వాడుకునే చుక్కల మందు సీసాలు రెండు, ఒంటికి రుద్దుకునే మందు ఒకటి, దగ్గు మందు ఒకటి అందులో కనిపించాయి. అన్నీ సారాతో చేసినవే. పొలం ఇంట్లో ఇలాంటివి గుమ్మం దాటి లోపలికి రానిచ్చేవాళ్ళు కాదు. యుస్తా నాలుగూ తీసుకెళ్ళి పెరట్లో మంచులో ఒంపేసింది.

తల్లి కిటికీలోంచి చూసింది. "ఏమే, జర్మనీ పోయి మందులు పారబొయ్యడం నేర్చుకొచ్చావా? నాకు గుండె పట్టేస్తే ఏం తాగాలి, నీ మంచు నీళ్ళా?"

"మాత్రలు తెచ్చానమ్మా."

"మాత్రలు తెచ్చిందట. నీ అన్న ఇన్నాళ్ళూ ఆ సీసాల పక్కనుంచే నడిచాడు, ఒక్కటి ముట్టుకున్నాడా? వాణ్ణి నువ్వు నమ్మవు, అదీ సంగతి."

కొర్నే పొయ్యిలో బొగ్గు వేస్తూ, "పారబోస్తే పోయిందిలేమ్మా. ఆ మందు వాసనకి పిల్లి కూడా ఇంట్లోకి రావట్లేదు," అన్నాడు. తల్లి నవ్వేసింది. అంతటితో ఆ గొడవ సర్దుకుంది.

మర్నాడు తల్లి కొర్నే తెల్లచొక్కా ఇస్త్రీ చేస్తూ, మాటల్లో మాటగా, "మీ మావయ్య గిన్నె తన చేత్తోనే ఇస్తానన్నాడు," అంది.

యుస్తా రొట్టె పిండి పిసుకుతోంది. చేతులు పిండిలోనే ఆగిపోయాయి. బల్ల అంటే రొట్టె, గిన్నె. ఆ మాట తను పుట్టినప్పటి నుంచీ వింటున్నదే. గిన్నెలో ఉండేది టొబియాస్ మావయ్య తన పెరటి ద్రాక్షలతో పులియబెట్టి, నేలమాళిగలో దాచే అసలు ద్రాక్షసారా. అది తనకి తెలియనిదా? తెలుసు. ఫోన్లో తల్లి చెప్పినప్పటి నుంచీ బల్ల, బల్ల అని సంతోషపడిందే గాని గిన్నె సంగతి బుర్రకి తట్టలేదు. పొలం ఇంట్లో బల్ల దగ్గర ఇచ్చేది పులియని ద్రాక్షరసం. అక్కడ రెండు క్రిస్మస్‌లు ఆ రసమే తాగి, ఇక్కడి గిన్నెని మర్చిపోయింది.

పొలం ఇంట్లో ఫోల్కర్ అనే వడ్రంగి ఉండేవాడు. ఏళ్ళ తరబడి ముట్టనివాడు. చెల్లెలి పెళ్ళిలో సారా చిలకరించిన కేకు ముక్క తెలియక తిన్నాడు. ఒక్క ముక్కే. వారం తిరక్కుండా అతన్ని రైలు స్టేషన్లోంచి మోసుకొచ్చారు. అందరికీ అలాగే అవుతుందని కాదు. గుక్కెడు తాగి ఏమీ కానివాళ్ళూ ఉంటారని అక్కడి డాక్టరే చెప్పాడు. ఎవరికి అవుతుందో ఎవరికి కాదో ముందుగా చెప్పే విద్య మాత్రం ఎవరి దగ్గరా లేదన్నాడు.

ఆమె చేతులు కడుక్కుని, శాలువా కప్పుకుని మావయ్య ఇంటికి వెళ్ళింది. టొబియాస్ మందిరం ముందు మంచు తోస్తున్నాడు. డెబ్బై దాటిన మనిషి. మెత్తనివాడు. చెయ్యెత్తి మేనల్లుణ్ణి తీసేసిన ఆదివారం ఇంటికెళ్ళి అన్నం ముట్టలేదని అత్తయ్య చెప్పేది.

"రా అమ్మా. మీ అమ్మ కాళ్ళు నేల మీద ఆనడం లేదట కదా."

యుస్తా చెప్పాల్సింది చెప్పింది. ఆమె జీవితంలో ఒకేసారి అన్ని మాటలు మాట్లాడ్డం అదే మొదలు. ఫోల్కర్ సంగతి చెప్పింది. రసం సంగతి చెప్పింది. ఆయన పార ఊతగా నిలబడి చివరిదాకా విన్నాడు.

"నీ మాట అబద్ధమనను. నువ్వు వాళ్ళతో ఉన్నదానివి. అయితే వాడికి రసం వేరే గిన్నెలో ఇమ్మంటావా?"

"ఇవ్వండి మావయ్యా."

"గిన్నె ఒక్కటే కదమ్మా. అందరి మూతులూ తగిలే గిన్నె. వాడికని వేరే గిన్నె పెట్టానంటే, లోపలికి రమ్మని పిలిచి గుమ్మంలో పీట వేసినట్టే. అందరి ముందూ వాణ్ణి మళ్ళీ వెలేసినట్టు. అంతకన్నా తలుపు పక్క బెంచీయే నయం."

"అయితే అందరికీ రసమే పొయ్యండి."

ఆయన ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు, మాట దాటెయ్యడానికి కాదు. "అది నా ఒక్కడి చేతిలో లేదు. సహోదరులు కూచోవాలి, మాట్లాడాలి. తాతల నాటి నుంచీ ఉన్నది. కొందరు ఒప్పుకోరు. పండగలైతే గాని కూచోరు. అప్పటిదాకా వీణ్ణి చేర్చుకోవడం ఆపమంటే ఆపుతా. నువ్వు చెప్పు. ఆపనా?"

యుస్తాకి ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా గుర్తొచ్చింది. పిల్లని తీసుకుని బయల్దేరబోయే ఫ్రీదా గుర్తొచ్చింది. ఆపితే ఫ్రీదా రాదు. ఆపారంటే వాడు మళ్ళీ తాగి ఉంటాడనే ఊరంతా అనుకుంటుంది. ఆ మాట విని కొర్నే ఏం చేస్తాడో. ఆపినా భయమే, ఆపకపోయినా భయమే.

"ఆపనా అమ్మా?" ఆయన మళ్ళీ అడిగాడు.

ఆమె శాలువా అంచు వేలికి చుట్టుకుంటూ, ఆయన తోసిన మంచు కుప్ప వైపు చూసింది. ఆయన ఆమె తల మీద చెయ్యి వేశాడు. "ప్రభువు రక్తం మనిషికి చెడు చెయ్యదు యుస్తా. నేనలా నమ్ముతా. ఇంకోలా నమ్మడం నాకు చేతకాదు." అని మళ్ళీ మంచు తొయ్యడం మొదలుపెట్టాడు.

కొర్నే కొట్టంలో ఆవు కింద గడ్డి మారుస్తున్నాడు. ఆమె వెళ్ళి గుంజకి ఆనుకుని నిలబడింది.

"మావయ్య దగ్గరికి వెళ్ళొచ్చావు కదూ. నీ ముఖం చూస్తేనే తెలుస్తోంది, పాలు విరిగినట్టుంది."

"నీకు భయం లేదా అన్నయ్యా?"

అతను గడ్డి తోసే పంగల కర్ర పక్కన పెట్టాడు. "ఉంది. అమ్మతో అనకు." ఆవు వైపు తిరిగి, "కలలో కూడా ఆ గిన్నె వస్తోంది. రుచి కోసం కాదే. మావయ్య చేతిలోంచి నా చేతికి రావడం కోసం. ఇన్నాళ్ళూ తలుపు పక్క కూచుని, అది ఆ బెంచీ నుంచి ఈ బెంచీకి పోతుంటే చూశాను. ఎదురింటి ఎనిమిదేళ్ళ పిల్ల కూడా నన్ను చూసి జాలిపడేది."

"పెదాలకి తాకించి ఇచ్చెయ్యి. మింగకు. ఎవరికి తెలుస్తుంది?"

"నాకు తెలుస్తుందిగా. చేర్చుకున్న రోజే అబద్ధమా?"

"అయితే లేచి చెప్పు. రొట్టె తీసుకుంటాను, గిన్నె వద్దని."

అతను నవ్వాడు. కోపం లేని నవ్వు. "అన్నీ మర్చిపోయావా నువ్వు? మన దగ్గర గిన్నె ముట్టకుండా పక్కవాడికిచ్చాడంటే ఏమిటి అర్థం? వాడి కడుపులో ఇంకా దాచిన పాపం ఉందని. అక్కడికక్కడ అందరి మెడలూ తిరుగుతాయి. ఫ్రీదా మెడ కూడా." ఆవు వీపు మీద చెయ్యి వేసి నిమిరాడు. "నువ్వు వెళ్ళి వాళ్ళని చూసుకున్నావు చూడు, ఫోన్లో చెప్పేదానివే, ఆ ఫోల్కర్ గాణ్ణీ వాళ్ళనీ. అప్పుడు నాకు కోపమొచ్చేది, తెలుసా? పరాయివాళ్ళకి చెల్లెలు దొరికింది, నాకు లేదని."

యుస్తా ఏదో అనబోయింది. అతను చెయ్యి ఊపాడు. "ఇప్పుడు లేదులే. ఆ గడ్డి ఇలా అందుకో."

మొదటి పండగనాడు పొద్దున్నే పొరుగింటి బురుల్ వేడి వేడి బోర్సోక్ వడలు తువ్వాలులో మూటగట్టి తెచ్చింది. ఆమె పండగలకి వీళ్ళు, వీళ్ళ పండగలకి ఆమె. కూచుని టీ తాగుతూ, తల్లి చెప్పిన రేపటి సంగతంతా విని, నోటి మీద చెయ్యి వేసుకుంది.

"మా మతంలో అసలు తాగొద్దన్నారు, మా మగాళ్ళు మానరు. మీవాడు పాపం తనంతట తాను మానితే, మీరే కూచోబెట్టి పోస్తారా? మీ దేవుడు ఎక్కువ సరదా మనిషిలా ఉన్నాడే."

"అది తాగడం కాదే బురుల్, అది వేరు," అంది తల్లి.

"గొంతుకి తెలుస్తుందా అక్కా, అది వేరని?"

తల్లి ముఖం మాడ్చుకుంది. బురుల్ మాట మార్చి వడలు తినమని అందరినీ తొందరపెట్టింది. వెళ్ళేటప్పుడు గుమ్మంలో యుస్తా చెయ్యి పట్టుకుని, "మీ అన్నని కాలవలోంచి లాగినప్పుడు మా ఆయన ఏడ్చాడే," అని మెల్లగా చెప్పి వెళ్ళిపోయింది.

రెండో పండగనాడు మందిరంలో అన్ని బెంచీలూ నిండలేదు. ఇప్పుడు ఎప్పుడూ నిండవు. మగవాళ్ళు ఒక పక్క, ఆడవాళ్ళు ఒక పక్క. యుస్తాకి ఒక వైపు తల్లి, ఇంకో వైపు ఫ్రీదా, ఫ్రీదా ఒళ్ళో పిల్ల. కొర్నే ముందుకొచ్చి నిలబడ్డాడు. నీ పాపం విడిచావా అని టొబియాస్ అడిగాడు. విడిచానన్నాడు. గొంతు గట్టిగానే ఉంది. సహోదరులు చేతులెత్తారు. ఎత్తని చెయ్యి ఒక్కటీ లేదు. టొబియాస్ అతన్ని కౌగలించుకుని ముందు బెంచీ మీద తన పక్కన కూచోబెట్టుకున్నాడు. తల్లి యుస్తా చేతిని నలిపేస్తోంది. బల్ల మీద గుడ్డ తీశారు. ఈసారి ఎవరూ లేచి బయటికి వెళ్ళలేదు.

రొట్టె అయింది. గిన్నె ఎత్తారు. టొబియాస్ తాగి, అంచు తెల్లగుడ్డతో తుడిచి, రెండు చేతులతో కొర్నేకి అందించాడు.

యుస్తా ప్రార్థించాలనుకుంది. ఏమని ప్రార్థించాలో తేలలేదు. ఆ గిన్నెని అన్న నోటికి అందకుండా చెయ్యమని అడగాలా? బల్ల దగ్గర కూచుని అలాంటి ప్రార్థన చెయ్యవచ్చా? కొర్నే గిన్నె ఎత్తాడు. అందరూ తాగినట్టే తాగాడు, ఎక్కువా లేదు, తక్కువా లేదు. మింగినప్పుడు గొంతు కదలడం ఆమెకి ఇవతలి నుంచి కనిపించింది. గిన్నె పక్కవాడికిచ్చి, కళ్ళు మూసుకుని కూచున్నాడు. తల్లి చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు.

గిన్నె ఆడవాళ్ళ వైపు వచ్చింది. తన చేతికొచ్చినప్పుడు యుస్తాకి తాగకుండా ఫ్రీదాకి అందించెయ్యాలనిపించింది. అందిస్తే అందరి మెడలూ తన వైపు తిరుగుతాయి, తన మీంచి అన్న వైపు తిరుగుతాయి. తాగింది. అందరి పెదాలూ తగిలి గిన్నె అంచు వెచ్చగా ఉంది. లోపలిది తియ్యగా, బలంగా ఉంది. మావయ్య ద్రాక్షలు ఆ ఏడు బాగా పండినట్టున్నాయి.

ఇంట్లో బల్ల నిండా వంటలు. బాతు వేపుడు, రెండంతస్తుల బన్నులు, ఎండుపళ్ళ పులుసు. కొర్నే కూతుర్ని పక్కన కూచోబెట్టుకున్నాడు. పిల్ల మొదట బిగుసుకుని, తర్వాత తండ్రి చొక్కా గుండీ పట్టుకుని లాగడం మొదలుపెట్టింది. "ఈ గుండీ నేనే కుట్టాను, మీ నానమ్మ సూదితో," అన్నాడు. ఫ్రీదా నవ్వింది. ఆ నవ్వు చూసి తల్లి వడ్డించడం మర్చిపోయింది.

కొర్నే మంచినీళ్ళు తాగాడు. గ్లాసు నింపుకుని మళ్ళీ తాగాడు. మళ్ళీ నింపుకున్నాడు. పొలం ఇంట్లో ఒక మనిషి బల్ల దగ్గర అలా నీళ్ళ మీద నీళ్ళు తాగుతుంటే మాటలు ఆగిపోయేవి. ఎవరో ఒకరు లేచి అతని పక్కన కూచునేవాళ్ళు. ఇక్కడ ఎవరూ గమనించలేదు. ఉప్పెక్కువైందా అని తల్లి అడిగింది.

"కాస్త గాలి పీల్చుకొస్తా," అని కొర్నే లేచాడు.

యుస్తా కూడా లేచింది.

"కూచోవే నువ్వు," అంది తల్లి. "ఇవాళ కూడా కాపలానా? వాడేమన్నా తప్పిపోయే పిల్లాడా?"

యుస్తా వినిపించుకోకుండా శాలువా అందుకుంది. వెళ్తూ వెళ్తూ ఫ్రీదా ముఖంలోకి చూడకుండా ఉండాలని చూసింది. కుదర్లేదు.

కొర్నే గేటు దాటేశాడు. ఆమె వెనకే వెళ్ళింది. అతను వద్దనలేదు. వలసపోయినవాళ్ళ ఇళ్ళ ముందునుంచి, మూసిన కిటికీల ముందునుంచి ఇద్దరూ నడిచారు. అతను వేగంగా, ఆమె ఆయాసపడుతూ. రోడ్డు చివర, సారా కూడా అమ్మే కిర్గిజ్ వాళ్ళ అంగడి తెరిచి ఉంది. ఈ పండగ వాళ్ళది కాదు కాబట్టి మూయరు. దూరం నుంచే దాని దీపం కనిపిస్తోంది. అక్కడికి కొంచెం ఇవతల కొర్నే ఆగాడు. చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు. ఆ చేతులు బయటికి తియ్యమని అడగడానికి ఆమెకి ధైర్యం చాల్లేదు.

"నువ్వెప్పుడు వెళ్ళాలి?"

"పండగలయ్యాక. వాళ్ళకి మాటిచ్చాను. వెళ్ళకపోతే..." ఆగిపోయింది. "ఉండిపొమ్మంటే ఉండిపోతా అన్నయ్యా."

"ఉండి? రోజూ ఇలా నా వెనక నడుస్తావా?"

పొలం ఇంట్లో మనుషులు మారి మారి కూచునేవాళ్ళు, గేటుకి తాళం ఉండేది, డాక్టరు వచ్చేవాడు. ఇక్కడ తనొక్కతి, ఒక శాలువా. అతని మోచెయ్యి పట్టుకుంది. పట్టుకుంటే ఏమవుతుందో తెలియకపోయినా పట్టుకుంది. ఇద్దరూ అలా చాలాసేపు చలిలో నిలబడ్డారు. అంగడిలోంచి ఒక ఆడమనిషి ఉల్లిపాయల సంచితో వచ్చి, పండగ శుభాకాంక్షలు చెప్పి వెళ్ళింది.

"పద," అన్నాడు చివరికి. ఇంటి వైపు తిరిగాడు. నడుస్తూ ఒకసారి వెనక్కి చూశాడు. తను అది చూడలేదని అతను అనుకోవాలని ఆమె తల దించుకుంది.

వాళ్ళు లోపలికి వచ్చేసరికి తల్లి ఎండుపళ్ళ పులుసు వడ్డిస్తోంది. "ఎక్కడిదాకా వెళ్ళారు?" అని ఫ్రీదా అడిగింది.

"ఊరి చివరిదాకా," అన్నాడు కొర్నే. అబద్ధం చెప్పలేదు.

ఫ్రీదా యుస్తా వైపు చూసింది. యుస్తా ఏదో ఒకటి అనాలి. ఏం కాలేదని అంటే అది నిజం. ఏం కాదని మాత్రం ఎలా అనగలదు? రొట్టె కొయ్యడానికి కత్తి వెతుక్కుంటున్నట్టు అటు తిరిగింది. మళ్ళీ ఇటు తిరిగేసరికి ఫ్రీదా లేచి, వంకీకి ఉన్న పిల్ల కోటు తీసి ఒళ్ళో పెట్టుకుని కూచుని ఉంది.

"అదేమిటమ్మా, తగిలించిన కోటు తీశావు?" అంది తల్లి. "అక్కడే ఉండనీ. ఎక్కడికి వెళ్తారిప్పుడు, మంచు పడుతోంటే?"

"ఎక్కడికీ లేదత్తయ్యా. చలిగా ఉంది," అంది ఫ్రీదా. కోటు మాత్రం వదల్లేదు.